వేరుశనగ గింజలో దాగే బూజు విషం



ఈనాడు మీతో ఒక బూజును గురించి నాలుగు మాటలు ముచ్చటించదలచాను. బూజంటే అందులో చెప్పడానికేముంది, వానాకాలంలో చెప్పుల మీద పడుతుంది, వూరగాయ జాడీ మీద పడుతుంది, తుడిచి పారేస్తాము అంటారేమో. నిజమే. బూజుల్లో చాలా రకాల వల్ల మనకు పెద్ద హాని లేదు. కొన్నిటివల్ల మేలు కూడా వున్నది. పెన్సిలిన్ అనే మందు బూజునుంచి పుట్టినదే గదా! కాని ఇప్పుడు నేను చెప్పబోయే బూజు ఆ కోవలోది కాదు. పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, పిండి చల్లినట్టు గింజ మీద కనబడుతుంది. శాస్త్రజ్ఞులు దీనికి ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అని పేరు పెట్టారు. ఇది గింజను తిని వూరుకోదు. గింజలో ఒక విషాన్ని వదిలిపెడుతుంది. ఆ విషం పేరు అఫ్లాటాక్సిన్. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు. మనము బూజు విషం అనుకుందాము.

కొంతకాలం క్రితం అనంతపురం ప్రాంతంలో ఒక పల్లెలో ఈ సంగతే చెబుతున్నాను. ఒక అవ్వ అరుగు మీద కూర్చుని బుడ్డలు ఒలుస్తూ వింటున్నది. ఆమె ముందు మూడు కుప్పలున్నవి. ఉన్నట్టుండి నన్ను ఆపి, ‘‘నాయనా, చెడిపోయిన విత్తు చేదుగా వుంటుంది. నోట్లో పడితే వుమ్మేస్తాము. ఇంక నువ్వు చెప్పే విషం లోపలికి ఎట్లా పోతుంది?’’ అని అడిగింది. చాలా మంచి ప్రశ్న. ఆనాడు నేను సగం జవాబే చెప్పి వచ్చాను. మిగిలిన సగం ఈరోజు చెబుతాను. ఆ మూడు కుప్పల సంగతి కూడా చివర చెబుతాను, గుర్తుంచుకోండి.

మొదట ఈ విషం ఎట్లా బయటపడిందో చూద్దాము. 1960వ సంవత్సరంలో ఇంగ్లండు దేశంలో టర్కీకోళ్ళు కుప్పలు తెప్పలుగా చచ్చిపోయాయి. చూస్తూ వుండగానే లక్షకు పైగా పిల్లలు పోయాయి. అంటురోగమేమోనని వెదికారు, ఏ క్రిమీ దొరకలేదు. ఏమి రోగమో తెలియక దానికి ‘‘టర్కీ ఎక్స్ జబ్బు’’ అని పేరు పెట్టారు. చివరకు మేత మీదికి దృష్టి పోయింది. చచ్చిన కోళ్ళన్నీ ఒకే రకం మేత తిన్నవి. ఆ మేతలో బ్రెజిల్ దేశంనుంచి వచ్చిన వేరుశనగ చెక్క కలిపారు. ఆ చెక్కను పరీక్షచేస్తే అందులో ఈ బూజు, అది వదిలిన విషం బయటపడ్డాయి. అతినీలలోహిత దీపం క్రింద పెడితే ఆ విషం నీలంగానూ, ఆకుపచ్చగానూ మెరుస్తుంది. ఆ మెరుపును బట్టే దాని రకాలకు పేర్లు పెట్టారు. అన్నిటిలోకి చెడ్డది నీలంగా మెరిసే బి-1 అనే రకం.

కోళ్ళ సంగతి మనకెందుకు అనకండి. 1974లో మన దేశంలోనే, రాజస్థాన్‌లో బాన్స్‌వాడా జిల్లా, గుజరాత్‌లో పంచమహల్ జిల్లా గిరిజన గ్రామాలలో జనానికి కామెర్లు వచ్చి, కడుపులో నీరు చేరి, వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళు తిన్నది మొక్కజొన్న రొట్టె. ఆ యేడు కోతవేళ అకాల వర్షాలు పడి కంకులు తడిసి బూజు పట్టాయి. ఆ ఇళ్ళలో అదే రొట్టె తిన్న కుక్కలకు కూడా అదే జబ్బు వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడికి వెళ్ళి, ఇది బూజు విషం వల్ల వచ్చిన జబ్బేనని తేల్చి చెప్పారు. తిన్నవారు పేదవారు. ఇంట్లో వున్న గింజలు అవే, అవి తిన్నారు.

2004లో ఆఫ్రికాలోని కెన్యా దేశంలో ఇటువంటిదే జరిగింది. అక్కడా మొక్కజొన్నే. 317 మంది జబ్బుపడ్డారు. వారిలో 125 మంది చనిపోయారు.

ఇట్లా ఒక్కసారిగా ప్రాణం తీయడం అరుదు. ఎక్కువగా ఈ విషం చెప్పకుండా పనిచేస్తుంది. రోజూ కొంచెం కొంచెంగా లోపలికి పోతే ఏళ్ళ తరబడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కాలేయానికి పుట్టకురుపు, అనగా క్యాన్సరు, తెచ్చే పదార్థమని ఇందులో సందేహం లేకుండా తేలింది. హెపటైటిస్-బి అనే కామెర్ల రోగం లోపల వున్నవారికి ఈ విషం కూడా తోడైతే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంతే కాదు, పశువులు చిక్కిపోతాయి, కోళ్ళు గుడ్లు తగ్గిస్తాయి.

ఇంతకూ ఎంత విషం వుంటే చెడ్డ? అమెరికా ప్రభుత్వం తినే వస్తువు కిలోలో 20 మైక్రోగ్రాములు దాటరాదని హద్దు పెట్టింది. ఐరోపా దేశాలవారు నేరుగా తినే వేరుశనగలో 4 మైక్రోగ్రాములు దాటితే వెనక్కు పంపుతారు. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షల వంతు. ఇంత తక్కువను లెక్కపెట్టడమేమిటి అనిపిస్తుంది. ఈ లెక్క చూడండి. బూజు బాగా పట్టిన ఒక్కొక్క వేరుశనగ విత్తులో, దాని బరువులో వెయ్యో వంతు విషమే వున్న సందర్భాలను శాస్త్రజ్ఞులు చూశారు. అటువంటి అరగ్రాము విత్తులో 500 మైక్రోగ్రాముల విషం వుంటుంది. ఆ ఒక్క విత్తును 25 కిలోల పప్పులో వేసి పిండి కొట్టిస్తే, ఆ పిండి అంతా 20 మైక్రోగ్రాముల హద్దుకు చేరుతుంది. ఒక్క విత్తు! కడివెడు పాలకు ఒక్క విషపు బొట్టు అని పెద్దలు వూరికే అనలేదు.

మరి ఈ బూజు ఎక్కడనుంచి వస్తుంది? గిడ్డంగిలోనే పుడుతుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. బూజు వుండేది మట్టిలో. వేరుశనగ అన్ని గింజల మాదిరి కొమ్మ చివర కాయదు గదా. పూసిన తరువాత ఊడ దిగి భూమిలో కాయ పెడుతుంది. అంటే శత్రువు ఇంట్లోనే కాపురం పెట్టినట్టు. నేలలో తేమ వున్నంత కాలం ఆ కాయ తనను తాను కాపాడుకుంటుంది. పచ్చి విత్తులో బూజును ఆపే పదార్థాలు తయారవుతాయి. వాన మొగం చాటేసి, నేల ఎండి, విత్తులో నీరు తగ్గిపోయిందంటే ఆ పదార్థాలు తయారుకావడం ఆగిపోతుంది. కాయ చుట్టూ మట్టి 28నుంచి 31 డిగ్రీల దాకా వేడెక్కితే బూజుకు పెళ్ళి పందిరే. కాబట్టి పంట చివరి నాలుగు నుంచి ఆరు వారాలు, కాయ వూరే దశలో, బెట్ట తగిలిన చేను అన్నిటికంటే ప్రమాదమైనది. రాయలసీమ రైతుకు ఇది చెప్పనక్కరలేదు. బెట్ట పెట్టని యేడు ఏది?

మొక్కల తెగుళ్ళ శాస్త్రజ్ఞులు ఇక్కడే తలపట్టుకున్నారు. వానను తేలేము. మట్టినంతా మందుతో కడగలేము. వేడిచేసి విషం పోగొడదామా అంటే అది వేయించినా పూర్తిగా పోదు, వుడికించినా పోదు. మరి దారి ఏమిటి?

అమెరికాలో పీటర్ కాటీ అనే మొక్కల తెగుళ్ళ శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నను మరొక వైపునుంచి చూశారు. ఆయన పనిచేసింది అరిజోనా రాష్ట్రంలో. ఎండలు మండే ఎడారి ప్రాంతం. నీరు పెట్టి ప్రత్తి పండిస్తారు. ప్రత్తిగింజలను పాడిపశువులకు వేస్తారు. గింజలో బూజు విషం వుంటే అది పాలలోకి దిగుతుంది. అందుచేత ప్రత్తి రైతుకు గింజల ధర పడిపోయేది. కాటీగారు చేలలోని బూజులను తెచ్చి ఒక్కొక్కదానిని విడివిడిగా పెంచి పరీక్షించారు. చూడడానికి అన్నీ ఒక్కటే. కాని విషం కొలిస్తే, కొన్ని విపరీతంగా విషం చేస్తున్నాయి, కొన్ని కొద్దిగా చేస్తున్నాయి, కొన్ని బొత్తిగా చేయడంలేదు! పాములన్నీ పాములే, అన్నిటికీ కోరల్లో విషం వుండదు గదా, అట్లాగన్నమాట.

అప్పుడాయనకు తట్టిన ఆలోచన ఇది. విషం లేని బూజునే ముందుగా చేనులో చల్లితే ఏమవుతుంది? మనము బస్సులో సీటుకోసం కిటికీలోనుంచి తువ్వాలు వేస్తాము. వెనక వచ్చినవాడికి చోటు వుండదు. అదేవిధంగా సాధుబూజు ముందు వచ్చి చేనంతా ఆక్రమించుకుంటే, విషపు బూజుకు నిలవడానికి చోటు, తినడానికి తిండి దొరకవు. ముందు గాజుగదుల్లో ప్రత్తికాయల మీద ఈ రెండు బూజులనూ కలిపి పట్టించి చూశారు. విషం బాగా తగ్గింది. తరువాత చేలలో చూశారు. మొలక రాకుండా చంపిన గోధుమగింజలకు సాధుబూజును పట్టించి, ప్రత్తి సాళ్ళ క్రింద చల్లారు. నీరు తగిలేసరికి ఆ గింజల మీద బూజు పెరిగి, దాని బీజాలు గాలికి లేచి చేనంతా పరుచుకున్నాయి. ప్రత్తిగింజల్లో విషం తగ్గిపోయింది.

ఈ సాధుబూజుకు ఏఎఫ్-36 అని పేరు. 2003లో అమెరికా ప్రభుత్వం దీనిని వాడుకకు అనుమతించింది. మెచ్చుకోవలసిన మరొక సంగతి ఏమిటంటే, దీనిని తయారుచేసి అమ్మింది ఏ పెద్ద కంపెనీయో కాదు. అరిజోనా ప్రత్తి రైతుల సంఘమే ముందుకు వచ్చి తామే తయారుచేసుకున్నారు. ఇంతకూ ఆ బూజు విషం ఎందుకు చేయదు? విషం తయారుచేసే పనిముట్లలో ఒకదానికి సంబంధించిన వారసత్వపు రాతలో ఒక్క అక్షరం తప్పు పడింది. ఆ ఒక్క తప్పువల్ల అది సాధువైంది. మరుసటి సంవత్సరమే వేరుశనగకోసం జార్జియా రాష్ట్రంలోని వేరుశనగ పరిశోధనాలయంవారు కనుగొన్న ఇటువంటి మరొక బూజుకు కూడా అనుమతి వచ్చింది.

ఈ కథలో మన గడ్డకు సంబంధించిన సంగతి కూడా వున్నది. రణజిత్ బంద్యోపాధ్యాయ అనే శాస్త్రజ్ఞుడు చాలా ఏళ్ళు హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జొన్న తెగుళ్ళ మీద పనిచేశారు. ఆ తరువాత నైజీరియాలోని అంతర్జాతీయ పరిశోధనా సంస్థకు వెళ్ళి, కాటీగారితో కలిసి ఈ పద్ధతిని ఆఫ్రికా రైతుల చెంతకు చేర్చారు. ఆ మందు పేరు అఫ్లాసేఫ్. చంపిన జొన్నగింజలకు సాధుబూజు బీజాలను పట్టిస్తారు. నీలిరంగు కూడా కలుపుతారు, పొరపాటున ఎవరూ తినకుండా. పంట పూతకు రెండు మూడు వారాల ముందు ఎకరాకు 4 కిలోలు చేతితో చల్లితే చాలు. అక్కడి మొక్కజొన్న, వేరుశనగ చేలలో విషం నూటికి 80 పాళ్ళకు పైగా తగ్గిందని పరీక్షల్లో తేలింది. ఇందులో వారు పెట్టుకున్న నియమం ఒకటున్నది. ఒక దేశపు బూజును మరొక దేశంలో చల్లరు. ఏ దేశానికి ఆ దేశపు మట్టిలోనుంచే సాధుబూజును ఏరి, పరీక్షించి, నమ్మకం కుదిరాకనే వాడతారు. కనుక సోదరులారా, ఎవరైనా సంచి తెచ్చి ఇదే ఆ మందు అని అమ్మజూపితే వెంటనే కొనకండి. మీ వ్యవసాయాధికారిని, పరిశోధనా స్థానంవారిని అడిగి తెలుసుకోండి.

ఇక మన చేతిలో వున్న పనుల సంగతి. ఇవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. కాని ఒకటి చేసి ఒకటి వదిలేస్తే ప్రయోజనం తక్కువ. విత్తనంనుంచి చట్నీ దాకా వరుసగా చెబుతాను.

విత్తేముందు విత్తనాన్ని ఏరండి. ముడతపడినవి, రంగుమారినవి, పొర చిట్లినవి తీసివేయండి. ఈ బూజు విత్తనంతో పోతే లేతమొక్క వేరు కుళ్ళి, ఆకులు పాలిపోయి, మొక్క గిడసబారుతుంది. విత్తనశుద్ధి తప్పక చేయండి. మాగిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని కలిపి నేలకు వేస్తే మంచిది. పూత వచ్చి ఊడలు దిగే వేళకు ఎకరాకు 200 కిలోల జిప్సం వేసి మట్టి ఎగదోయండి. జిప్సంలోని సున్నం వల్ల కాయ పెంకు గట్టిపడుతుంది. గట్టి పెంకు బూజుకు అడ్డుగోడ. చెదలు, వేరుపురుగు కొరికి కన్నంపెట్టిన కాయలోకి బూజు తలుపు తీసిన ఇంట్లోకి దూరినట్టు దూరుతుంది. కాబట్టి వాటిని అదుపులో పెట్టండి.

నీటి సంగతి. బోరులో ఒకే ఒక్క తడికి నీరున్నదనుకోండి. దానిని కాయ వూరే దశకు దాచుకోండి. వర్షాధారపు చేనైతే మీ ప్రాంతపు వానల కాలంలో ముగిసే పంటకాలం గల రకం వేసుకోండి. చివరి బెట్టను తప్పించుకొనే మార్గం అదే. బెట్టకు వాడి ముందుగా చచ్చిన మొక్కలు, గట్లవెంబడి ఎండిన తావులు వుంటాయి గదా, వాటి కాయను విడిగా పీకి విడిగా వుంచండి. మంచి కాయలో కలపకండి.

పీకే అదను తప్పకూడదు. నాలుగు మొక్కలు పీకి కాయ విప్పి చూడండి. పెంకు లోపలి వైపు నల్లబడిన కాయలు నూటికి 75నుంచి 80 దాకా వుంటే పంట పక్వానికి వచ్చినట్టే. ముందు పీకితే ముడత విత్తులు ఎక్కువ. ఆలస్యం చేస్తే బూజు ఎక్కువ. ఊడ తెగి నేలలో మిగిలిపోయిన కాయను తరువాత తవ్వి ఏరుతాము. ఆ కాయలో బూజు ఎక్కువగా వుంటుంది. అది మంచి రాశిలో పడరాదు.

పీకినాక ఏమి చేస్తున్నాము? కూలీలు వెళ్ళిపోతారు, మబ్బు పడుతుంది, తొందరలో పచ్చికట్టెను అట్లాగే పెద్ద వామి వేస్తాము. మరునాడు వామిలో చెయ్యి పెట్టి చూడండి, ఆవిరి తగులుతుంది. ఆ వేడి, ఆ తేమ బూజుకు అమృతం. పీకిన మొక్కలను తలక్రిందులుగా, కాయ పైకి గాలికి వుండేటట్టు, సాలువెంట పరచండి. కాయ కోశాక పల్చగా ఎండబెట్టి రోజుకు రెండుమూడుసార్లు తిరగేయండి. రాత్రి మంచు పడకుండా కప్పండి. ఎండ రాగానే కప్పు తీయండి. తేమ నూటికి 8కి దిగాలి. కొలిచే యంత్రం లేదా? గుప్పెడు కాయ చెవి దగ్గర పెట్టి ఆడించండి. లోపల విత్తు గలగలమనాలి. విత్తును వేళ్ళతో నలిపితే పైపొర వూడిరావాలి. అప్పుడు ఎండినట్టు.

నిలవ చేసేటప్పుడు పాతసంచుల్లో పోయకండి. వాటి పీచులో పోయిన యేటి బూజు కాచుకొని వుంటుంది. సంచులను చెక్కల మీద, గోడకు దూరంగా పేర్చండి. కురిసే కప్పు క్రింద పెట్టకండి. పప్పు చేసి నిలవపెట్టడం కంటే కాయగా నిలవపెట్టడమే మేలు. ఒలిచేముందు, మిషనుకు వేసేముందు, విత్తు పగలకుండా వుండడానికి కాయ మీద నీళ్ళు చల్లడం మనకు అలవాటు. ఇన్నాళ్ళు ఎండబెట్టి చేసిన కష్టమంతా ఆ ఒక్క చెంబు నీళ్ళతో పోతుంది. తడపకుండా ఒలవండి. తప్పనిసరై తడిపితే ఆనాడే పప్పును మళ్ళీ ఎండబెట్టండి. తడి పప్పును సంచి కట్టవద్దు.

పాడిపశువు వున్నవారికి ఒక మాట. బూజు పట్టిన కాయను మిల్లుకు తోలితే విషం ఎక్కువ భాగం నూనెలోకి పోదు, చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క గేదె తింటే ఒకటి రెండు పూటల్లోనే ఆ విషం మరొక రూపంలో పాలలోకి వస్తుంది. పాలు కాచినా అది పోదు. పాలలో కిలోకు అర మైక్రోగ్రాము మించరాదని మన దేశంలో హద్దు వున్నది. చెడ్డ చెక్క మానేస్తే కొద్ది రోజుల్లో పాలు బాగవుతాయి. గానుగ నూనె వాడేవారు మడ్డి బాగా దిగనిచ్చి, పై తేటనే వాడండి. విషం వుంటే ఆ మడ్డిలోనే ఎక్కువగా వుంటుంది.

ఇక్కడ మీలో కొందరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ‘‘ఇంత చేస్తాము సరే, మా కాయకు ఒక రూపాయి ఎక్కువ ఇస్తారా?’’ అని. మీకు అబద్ధం చెప్పను. మన అంగళ్ళలో కాయ పట్టి చూసి, గింజ శాతం చూసి ధర కడతారేగాని విషం కొలిచి ధర కట్టేవారు అరుదు. ఎగుమతి చేసేవారు మాత్రం కొలుస్తారు; ఐరోపా హద్దు దాటిన సరుకు తిరిగి వస్తే ఆ నష్టం చివరకు మన ధర మీదనే పడుతుంది. తక్కువ ఖర్చుతో విషం కొలిచే పరీక్షను పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు తయారుచేశారు. పదిమంది రైతులు సంఘంగా చేరి, సరుకు పరీక్ష చేయించి, కాగితం చేతిలో పెట్టుకొని బేరమాడితే మాటకు బలం వుంటుంది. విడివిడిగా పోతే అది కుదరదు. అరిజోనా ప్రత్తి రైతులు చేసింది ఆ కలిసి నడవడమే.

ఇప్పుడు ఆ అవ్వ దగ్గరకు వద్దాము. చేదు విత్తు వుమ్మేస్తాము గదా అన్నది. అవ్వకు ఆనాడు నేను చెప్పిన సగం జవాబు ఏమిటంటే, చేదు వచ్చేది విత్తు కుళ్ళినందువల్ల. విషానికి తనకంటూ రుచి లేదు, వాసన లేదు. బూజు పైకి కనబడని విత్తులో కూడా, చేదు లేని విత్తులో కూడా అది వుండవచ్చు. అందుకే ఏరివేత ఒక్కటే చాలదు. చేనులోనే జాగ్రత్త మొదలుకావాలి.

చెప్పకుండా వచ్చిన సగం ఆ మూడు కుప్పలది. మొదటి కుప్ప నిండైన విత్తులు; అవి విత్తనానికి. రెండో కుప్ప మధ్యరకం, అవి అంగడికి. మూడో కుప్పలో ముడతలు, నల్లవి, పుచ్చులు, సగాలు. ‘‘ఇవి ఎందుకవ్వా?’’ అంటే, ‘‘ఇంట్లోకి నాయనా, చట్నీకి, పొడికి’’ అన్నది. అప్పుడు నేను తల వూపి వచ్చేశాను. దారిలో గుర్తుకు వచ్చింది: ఆమె మనుమడు పక్కనే కూర్చుని ఆ మూడో కుప్పలోనుంచే తీసి తింటున్నాడు. వేయించి, కారం, చింతపండు, వెల్లుల్లి వేసి నూరిన తరువాత చేదు ఎవరికి తెలుస్తుంది? వుమ్మేది ఎవరు? విషంలో పెద్ద భాగం కొద్ది చెడ్డ విత్తుల్లోనే చేరి వుంటుంది. ఆ చెడ్డ విత్తులన్నిటినీ పొద్దస్తమానం కూర్చుని, ఓపికగా, ఒక్కొక్కటిగా ఏరి మన పిల్లల కంచాల్లోకి చేర్చుకుంటున్నాము. మంచిది వూరికి, చెడ్డది ఇంటికి. పొదుపరి ఇల్లాలు చేసే పని ఇది; పారేయడానికి చేతులు రావు. కష్టపడి పండించిన గింజ గదా!

కొందరు ఆ మూడో కుప్పను కలుపుకు వచ్చిన కూలీలకు ఇస్తారు. ఇచ్చేవారి మనసు మంచిదే. కాని మన పిల్లలకు పనికిరానిది వారి పిల్లలకూ పనికిరాదు.

అందుచేత నా మనవి ఇదొక్కటే. కుప్పలు మూడే వుండనివ్వండి. ఇంటికి రెండో కుప్పలోనుంచి తీసుకోండి. మూడో కుప్పను విత్తనానికి, వంటకు, పశువుకు, కోడికి దేనికీ వాడకుండా పొయ్యిలో వేసి కాల్చేయండి. బస్తాకు శేరో, రెండు శేర్లో పోవచ్చు. పోనివ్వండి.

భయపడి వేరుశనగ తినడం మానవద్దు. విత్తు బరువులో నాలుగో వంతు మాంసకృత్తులు, సగం దాకా నూనె వున్న బలమైన ఆహారం అది. ఎదిగే పిల్లలకు, బాలింతలకు ఎంతో మంచిది. మంచి విత్తు గుప్పెడు తీసి పిల్లవాడి చేతిలో పెట్టండి. ఈసారి ఆ పల్లెకు వెళ్ళినప్పుడు అవ్వకు మిగతా సగం జవాబు నేనే స్వయంగా చెప్పి వస్తాను. మీ ఇంట్లో బుడ్డలు ఒలిచే పెద్దవారికి మీరు చెప్పండి.